అవ్యక్త ప్రమేయాల అవకలనం: పడుగు బిగువు చెప్పే పాఠం

కలనగణితం కొత్తగా చదివే విద్యార్థులకు అవకలన సూత్రాలు తొందరగానే పట్టుబడతాయి. ఎక్స్² అవకలజం 2ఎక్స్ అనీ, ఎక్స్³ అవకలజం 3ఎక్స్² అనీ నాలుగు రోజుల్లో నోటికి వస్తాయి. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. వై² ని ఎక్స్ దృష్ట్యా అవకలనం చేయమంటే 2వై అని ఊరుకునేవారు కొందరు, సున్న అనేవారు మరికొందరు. 2వై × డీవై/డీఎక్స్ అని సరిగ్గా రాసినవారిలోనూ, ఆ చివరి భాగం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే 'సూత్రం అంతే' అనేవారు ఉంటారు. ఈ వ్యాసం ఆ 'ఎక్కడినుంచి' అనే ప్రశ్నకు సమాధానం చెప్పే ప్రయత్నం.

మహారాష్ట్రలో ఠాణే జిల్లాలోని భివండీ మరమగ్గాల పట్టణం. అక్కడి నగరపాలక సంస్థ పేరు భివండీ నిజాంపూర్. అందులోని రెండో మాటే నిజాంపురా. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఈ కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ మాట్లాడుతూ, పన్నెండో తరగతికి వచ్చేసరికి గణితాన్ని ఇంగ్లీషులో చదువుతారు. ఇలా మూడు నాలుగు భాషల మధ్య నడిచే విద్యార్థులకు ఒక విషయం తమ ఇంటి మాటల్లో అర్థమైతే, మిగిలిన భాషల్లో దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. అంచేత ఇక్కడ ఉదాహరణలు కొన్ని తెలుగు వాక్యం నుంచి, కొన్ని మగ్గం దగ్గరినుంచి తీసుకున్నాను.

ఇక్కడ ఎక్స్, వై వంటి అక్షరాలను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఇందులో వింత లేదు. మన ప్రాచీన బీజగణితకారులు తెలియని రాశులకు యావత్తావత్, కాలక, నీలక అని పేర్లు పెట్టి, వాటి తొలి అక్షరాలైన యా, కా, నీ లతో లెక్కలు చేశారు. అక్షరం ఏదైనా లెక్క ఒకటే.

వ్యక్తం, అవ్యక్తం

వై = ఎక్స్² + 3 అనే సమీకరణంలో వై ఒక పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఎక్స్ విలువ ఇస్తే వై విలువ నేరుగా వస్తుంది. ఇట్లాంటిది వ్యక్త ప్రమేయం. ఎక్స్² + వై² = 25 అనే సమీకరణం అట్లా కాదు. ఇందులో ఎక్స్, వై కలిసిపోయి ఉన్నాయి. వై ఎంత అన్నది సమీకరణం చెప్పకనే చెబుతున్నది. ఇట్లా సమీకరణంలో దాగి ఉన్న ప్రమేయాన్ని అవ్యక్త ప్రమేయం అందాం. హిందీ పాఠ్యపుస్తకాల్లో దీనిని 'అస్పష్ట ఫలన్' అంటారు. తెలుగులో 'అస్పష్టం' అంటే సరిగా కనిపించనిది, తికమకగా ఉన్నది అనే అర్థం స్ఫురిస్తుంది. నిజానికి ఇక్కడ తికమక ఏమీ లేదు. విషయం ఉన్నది, బయటికి చెప్పలేదు, అంతే.

చెప్పకుండా చెప్పడం తెలుగు వాక్యానికి కొత్త కాదు. 'రేపు వస్తాను' అన్నప్పుడు 'నేను' అనే మాట వాక్యంలో లేదు. క్రియ చివర ఉన్న 'ను' ఆ పని చేస్తున్నది. మన ఇళ్లలో 'వచ్చిండు' అంటే వచ్చినవాడు మగవాడనీ, ఒక్కడేననీ తెలిసిపోతుంది. కర్తను విడిగా బయటపెట్టనక్కరలేదు. ఇట్లా లేని మాటను అర్థం కోసం తెచ్చుకోవడాన్ని వ్యాకరణంలో అధ్యాహారం అంటారు. ఇంగ్లీషు వాక్యం సాధారణంగా కర్తను బయటపెట్టి తీరాలంటుంది. ఆ లెక్కన ఇంగ్లీషు వాక్యం వ్యక్త ప్రమేయం వంటిది, తెలుగు వాక్యం అవ్యక్త ప్రమేయం వంటిది.

ఈ పోలికను ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోవచ్చు. 'వచ్చింది' అనే ఒక్క క్రియ విన్నప్పుడు వచ్చినది అక్కయ్యా, ఆవా, రైలుబండా తెలియదు. తెలుగులో స్త్రీకి, పశువుకు, వస్తువుకు ఏకవచనంలో క్రియారూపం ఒకటే. ఎవరు వచ్చారన్నది సందర్భం చెప్పాలి. ఎక్స్² + వై² = 25 కూడా అటువంటిదే. ఎక్స్ విలువ 3 అంటే వై విలువ 4 కావచ్చు, −4 కావచ్చు. ఏదన్నది సమీకరణం తేల్చదు. మనం వృత్తం మీద ఏ బిందువు దగ్గర ఉన్నామో చెప్పాలి. ఈ విషయం గుర్తుంచుకుంటే రాబోయే జవాబులో వై ఎందుకు మిగిలిపోతుందో అర్థమవుతుంది.

వృత్తం దగ్గర మొదటి లెక్క

ఎక్స్² + వై² = 25 అనేది మూలబిందువు కేంద్రంగా 5 వ్యాసార్థంతో గీసిన వృత్తం. (3, 4) బిందువు దగ్గర స్పర్శరేఖ వాలు ఎంత?

ముందు ఊహించకుండా లెక్కవేసి చూద్దాం. ఎక్స్ ను 3 నుంచి 3.01 కి జరిపితే, ఎక్స్² విలువ 9 నుంచి 9.0601 అవుతుంది. అంటే 0.0601 పెరిగింది. మొత్తం 25 గానే ఉండాలి కాబట్టి వై² సరిగ్గా అంతే తగ్గి 15.9399 కావాలి. దాని వర్గమూలం సుమారు 3.99248. అంటే వై లో మార్పు సుమారు −0.00752. ఎక్స్ లో వచ్చిన 0.01 మార్పుతో దీనిని భాగిస్తే −0.752. ఎక్స్ ను ఇంకా తక్కువగా జరిపితే ఈ విలువ −0.75 కి దగ్గరవుతూ పోతుంది.

ఇందులో అసలు సంగతి గమనించాలి. ఎక్స్ కదిలితే వై ఊరుకోలేదు. సమీకరణం చెడకుండా ఉండడానికి అది కూడా కదలవలసి వచ్చింది. కాబట్టి వై స్థిరరాశి కాదు. అట్లాగని తనంతట తాను తిరిగే చలరాశీ కాదు. ఎక్స్ వెంట నడిచే రాశి.

ఇప్పుడు వై² సంగతి చూద్దాం. వై కొద్దిగా మారితే వై² ఆ మార్పుకు సుమారు 2వై రెట్లు మారుతుంది. ఎక్స్ కొద్దిగా మారితే వై ఆ మార్పుకు డీవై/డీఎక్స్ రెట్లు మారుతుంది. అంచేత ఎక్స్ మారినప్పుడు వై² మారే వేగం ఈ రెండింటి లబ్ధం: 2వై × డీవై/డీఎక్స్. ఇదే శృంఖల నియమం. ఎక్స్² కి ఇట్లాంటి తోక ఎందుకు లేదని అడగవచ్చు. అక్కడా ఉన్నది, కాని ఎక్స్ దృష్ట్యా ఎక్స్ మారే వేగం 1 కాబట్టి రాయము.

సమీకరణానికి రెండు వైపులా ఎక్స్ దృష్ట్యా అవకలనం చేస్తే:

2ఎక్స్ + 2వై × డీవై/డీఎక్స్ = 0

దీనినుంచి డీవై/డీఎక్స్ = −ఎక్స్/వై.

(3, 4) దగ్గర వాలు −3/4, అంటే −0.75. ఇందాక చేత్తో చేసిన లెక్క ఇక్కడికే దారి తీసింది. (3, −4) దగ్గర వాలు +3/4. ఒకే ఎక్స్, రెండు వాలులు. జవాబులో వై మిగలడం లోపం కాదు. 'వచ్చింది' అన్న క్రియ సందర్భాన్ని అడిగినట్టే, ఈ జవాబు బిందువును అడుగుతున్నది.

(5, 0) దగ్గర వై సున్న కాబట్టి భాగహారం కుదరదు. అక్కడ స్పర్శరేఖ నిట్టనిలువుగా ఉంటుంది. ఆ బిందువు చుట్టూ వై ని ఎక్స్ కు ప్రమేయంగా చెప్పలేము కూడా. హారం సున్న అయ్యే చోట్లను విడిగా పరిశీలించడం మరచిపోకూడదు.

వై ని విడదీయడం కష్టమైనప్పుడు

వృత్తంలో వై ని వర్గమూలంతో విడదీసి కూడా ఇదే జవాబు తెచ్చుకోవచ్చు. మరి ఈ పద్ధతి అవసరమేమిటి? అన్ని సమీకరణాలూ అంత సులభంగా లొంగవు. ఎక్స్³ + వై³ = 6 × ఎక్స్ × వై అనే సమీకరణం తీసుకోండి. వై ని విడదీయాలంటే ఘన సమీకరణాన్ని సాధించాలి. అది చాలా పెద్ద పని.

ఈ వక్రానికి చరిత్ర ఉంది. 1638లో ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ ఇటువంటి వక్రాన్ని ముందుపెట్టి, దీనికి స్పర్శరేఖ గీయమని ఫెర్మాకు సవాలు విసిరాడు. ఫెర్మా గీసి చూపాడు. అప్పటికి కలనగణితం ఇంకా రూపుదిద్దుకోలేదు. లైబ్నిట్స్ తన అవకలన పద్ధతిని అచ్చు వేయించింది 1684లో. ఆ పద్ధతి చేతిలో ఉన్న మనకు ఇది నాలుగు వరసల పని.

ఎక్స్ × వై లో రెండు రాశులూ మారుతున్నాయి కాబట్టి లబ్ధ నియమం వాడాలి: దాని అవకలజం వై + ఎక్స్ × డీవై/డీఎక్స్. అప్పుడు

3ఎక్స్² + 3వై² × డీవై/డీఎక్స్ = 6వై + 6ఎక్స్ × డీవై/డీఎక్స్

డీవై/డీఎక్స్ ఉన్న పదాలను ఒక పక్కకు తెచ్చి సరళీకరిస్తే

డీవై/డీఎక్స్ = (2వై − ఎక్స్²) / (వై² − 2ఎక్స్)

(3, 3) బిందువు ఈ వక్రం మీద ఉంది, ఎందుకంటే 27 + 27 = 54, 6 × 9 కూడా 54. అక్కడ వాలు (6 − 9)/(9 − 6) = −1. వై ని విడదీయకుండానే వాలు దొరికింది. (0, 0) దగ్గర మాత్రం పైనా కిందా సున్నలే వస్తాయి. వక్రం అక్కడ తనను తాను ఖండించుకుంటుంది. రెండు దారులు కలిసే కూడలిలో 'దారి ఎటు?' అంటే ఒక్క జవాబు ఉండదు కదా.

మగ్గం వెనుక ఉన్న లెక్క

ఇదంతా పరీక్ష కోసమేనా అనే సందేహం సహజం. మామూలు మరమగ్గం దగ్గరికి, సిరిసిల్ల మాటలో సాంచ దగ్గరికి, వెళ్లి చూద్దాం. పడుగు పోగులన్నీ మగ్గం వెనుక బీముకు చుట్టి ఉంటాయి. బట్ట నేస్తున్నకొద్దీ బీము మీది నూలు విప్పుకుంటూ పోతుంది, బీము సన్నబడుతుంది. బీము విచ్చలవిడిగా తిరగకుండా దాని చివర గొలుసో తాడో చుట్టి, మీటకు బరువులు వేలాడదీస్తారు. ఆ రాపిడి బీమును పట్టి ఉంచడం వల్లే పడుగుకు బిగువు వస్తుంది.

పడుగు బిగువును బి అందాం. చుట్టి ఉన్న నూలుతో సహా బీము వ్యాసార్థాన్ని వ అందాం. పోగులు బీమును తిప్పడానికి లాగే శక్తి బిగువు మీదా, వ్యాసార్థం మీదా ఆధారపడుతుంది. బరువులను కదపనంతకాలం రాపిడి మారదని అనుకుంటే

బి × వ = స్థిరరాశి.

వ దృష్ట్యా అవకలనం చేస్తే బి + వ × డీబి/డీవ = 0. అంటే డీబి/డీవ = −బి/వ.

ఋణ గుర్తు చెప్పేదేమిటి? వ్యాసార్థం తగ్గితే బిగువు పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? వ్యాసార్థం ఒక శాతం తగ్గితే బిగువు సుమారు ఒక శాతం పెరుగుతుంది. లెక్క కోసం, వ్యాసార్థం 20 సెంటీమీటర్లు ఉన్నప్పుడు బిగువు 100 అనుకుందాం. అప్పుడు సెంటీమీటరుకు 5 చొప్పున బిగువు పెరుగుతుంటుంది. వ్యాసార్థం 10 సెంటీమీటర్లకు వచ్చేసరికి బిగువు 200, పెరిగే వేగం సెంటీమీటరుకు 20. వ్యాసార్థం సగమైతే వేగం నాలుగింతలైంది.

అసలు కథ ఇంకా ఉంది. నేసేవాడు వ్యాసార్థాన్ని కొలుస్తూ కూర్చోడు, మీటర్లను చూస్తాడు. బీము మీద మిగిలిన పడుగు పొడవును ప అందాం. బీమును అడ్డంగా కోస్తే కనిపించే వృత్త వైశాల్యం వ² కి అనుపాతంలో ఉంటుంది. మిగిలిన పొడవు పెరిగేకొద్దీ ఆ వైశాల్యం సమంగా పెరుగుతుంది. కాబట్టి

వ² = క × ప + గ

అని రాయవచ్చు. ఇక్కడ క, గ స్థిరరాశులు. ప దృష్ట్యా అవకలనం చేస్తే 2వ × డీవ/డీప = క. అంటే డీవ/డీప = క/(2వ). బీము సన్నబడేకొద్దీ, అదే ఒక మీటరు పడుగు విప్పుకున్నా వ్యాసార్థం ఎక్కువగా తగ్గుతుంది. వ్యాసార్థం సగమైతే ఈ వేగం రెండింతలు.

ఈ రెండింటిని శృంఖల నియమంతో కలిపితే, ఒక్కొక్క మీటరుకు బిగువు మారే వేగం −క × బి/(2వ²). వ్యాసార్థం సగమైనప్పుడు బి రెండింతలవుతుంది, వ² నాలుగో వంతవుతుంది. అంటే వేగం ఎనిమిదింతలు. బీము నిండుగా ఉన్నప్పుడు కాసేపు చూడకపోయినా సాగిపోయే మగ్గం, బీము అడుగంటుతున్నప్పుడు కన్ను తిప్పనివ్వకపోవడానికి కారణం ఈ ఎనిమిదే. బిగువు హద్దు దాటితే పోగులు తెగుతాయి, మగ్గం ఆగుతుంది. మీటరు లెక్కన కూలి వచ్చే చోట మగ్గం ఆగితే కూలి ఆగినట్టే.

అందుకే బీము సన్నబడుతున్నకొద్దీ బరువును మీట ఆధారానికి దగ్గరగా జరుపుతారు, లేదా బరువు తగ్గిస్తారు. ఎంత తగ్గించాలి? రాపిడి పట్టును ర అంటే, బి × వ = ర. ఇప్పుడు బి మారకూడదు, అంటే డీబి/డీవ సున్న కావాలి. అవకలనం చేస్తే డీర/డీవ = బి. బి అంటే ర/వ కాబట్టి, డీర/డీవ = ర/వ. వ్యాసార్థం ఎంత శాతం తగ్గితే రాపిడినీ అంతే శాతం తగ్గించాలి. అక్షరం ముక్క రాని నేతగాడు కూడా చెయ్యి తిరిగిన కొద్దీ ఈ పని సరిగ్గానే చేస్తాడు. అతడి చేతికి తెలిసిన దానికి గణితం పేరు పెట్టింది. కొత్త తరం మగ్గాల్లో ఈ పనిని యంత్రమే చేసుకుంటుంది. ఆ యంత్రాన్ని తయారుచేసేవారికి ఈ సమీకరణం కావాలి.

పద్ధతి, జాగ్రత్తలు

చేయవలసిన పని నాలుగు మెట్లలో చెప్పవచ్చు. ఒకటి, సమీకరణానికి రెండు వైపులా ఎక్స్ దృష్ట్యా అవకలనం చేయాలి. రెండు, వై ఉన్న ప్రతి పదం దగ్గరా, అది ఎక్స్ వెంట నడిచే రాశి అని గుర్తుంచుకుని డీవై/డీఎక్స్ చేర్చాలి. మూడు, డీవై/డీఎక్స్ ఉన్న పదాలను ఒక పక్కకు చేర్చి దానిని విడదీయాలి. నాలుగు, బిందువు ఇస్తే ఎక్స్, వై విలువలు రెండింటినీ ప్రతిక్షేపించాలి. బిందువు నిజంగా వక్రం మీద ఉందో లేదో ముందే సరిచూసుకోవడం మంచిది.

పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఎక్స్ × వై కి లబ్ధ నియమం వాడకపోవడం ఒకటి. కుడి వైపు ఉన్న 25 వంటి స్థిరరాశిని సున్న చేయకుండా అట్లాగే ఉంచడం రెండోది.

రెండు భాషల విద్యార్థులు ఒక మాట విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. తెలుగులో ప్రమేయం అంటే ఒక రాశి మరొక రాశి మీద ఆధారపడే సంబంధం. మరాఠీలో, హిందీలో 'ప్రమేయ' అంటే మనం సిద్ధాంతం అనేది. పైథాగరస్ సిద్ధాంతం అక్కడ పైథాగరస్ ప్రమేయం అవుతుంది. మాట ఒకటే, అర్థాలు వేరు. మరాఠీ మిత్రుడితో కలిసి చదువుకునే నిజాంపురా విద్యార్థి తెలుగు పుస్తకం తెరిచినప్పుడు ఈ తేడా తెలియకపోతే మొదటి పుటలోనే ఆగిపోతాడు.

గణితం తెలుగులో ఇమడదన్న అపోహ ఒకటి ఉన్నది. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆధునిక కాలంలో ఉన్నత విద్యకు పాఠ్యగ్రంథాలు సమకూర్చడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. అవకలనం, స్పర్శరేఖ, చలరాశి వంటి మాటలు తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడి ఉన్నాయి. వీటి పక్కన బీము, పడుగు, బిగువు అనే ఇంటి మాటలు ఉండనే ఉన్నాయి. పరీక్ష ఇంగ్లీషులో రాసినా, ఆలోచన ఈ మాటల్లో సాగితే నష్టం లేదు.

చివరగా ఒక అభ్యాసం. ఎక్స్² + ఎక్స్ × వై + వై² = 7 అనే వక్రం మీద ఎక్స్ విలువ 1 అయినప్పుడు వై విలువలు రెండు: 2, −3. రెండు చోట్లా వాలు కనుక్కోండి. జవాబులు −4/5, −1/5 రావాలి. రాకపోతే, ముందుగా ఎక్స్ × వై దగ్గర లబ్ధ నియమం వాడారో లేదో చూసుకోండి.